శాలరీ క్యాప్: హైదరాబాద్ ఫుట్‌బాల్‌లో దాని చరిత్ర

ఒక లీగులో ఆడే క్లబ్బు తన ఆటగాళ్లందరికీ కలిపి ఒక సీజన్‌లో ఇవ్వగల జీతాల మొత్తానికి లీగు పెట్టే గరిష్ఠ పరిమితిని శాలరీ క్యాప్ అంటారు. క్రికెట్ వేలంపాటల పుణ్యమా అని తెలుగువాళ్లకు ఇది 'పర్సు' అన్న పేరుతో ఎక్కువ పరిచయం. డబ్బున్న క్లబ్బు మంచి ఆటగాళ్లందరినీ మూటగట్టుకుపోకుండా చూడటం, డబ్బులేని క్లబ్బు పోటీకి పోయి అప్పులపాలు కాకుండా కాపాడటం దీని ఉద్దేశాలు. మొదటి పని ఇది బాగానే చేస్తుంది. రెండో పని సంగతి వేరు. తెలుగు నేల మీద ఇండియన్ సూపర్ లీగ్ ఆడిన ఒకే ఒక్క క్లబ్బు హైదరాబాద్ ఎఫ్‌సీ. ఆ క్లబ్బు ఆరేళ్ల చరిత్రలో పరిమితి గొప్పతనమూ ఉంది, దాని చేతకానితనమూ ఉంది.

పూర్వరంగం

శాలరీ క్యాప్ అనే మాట పుట్టక ముందే హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ జీతాలకు పరిమితి ఉండేది. అది సర్కారువారి పే స్కేలు. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఆడేవాళ్లంతా పోలీసు శాఖ ఉద్యోగులు. గోలు కొట్టినా, గోలు ఆపినా నెల తిరిగేసరికి చేతికొచ్చేది హోదాకు తగ్గ జీతమే. సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికి చేరింది. ఆ జట్లకు వెన్నెముకగా నిలిచిన హైదరాబాదీలు చాలామంది ఈ పద్ధతిలోనే బతికారు. జీతం చిన్నదే కానీ ఒకటో తారీఖున అందేది, రిటైరయ్యాక పింఛనూ వచ్చేది. ఈ సంగతిని పాఠకుడు గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ అవసరం పడుతుంది.

అంతకంటే ఎక్కువ కావాలనుకున్నవాళ్లు కలకత్తా రైలెక్కారు. అక్కడ ఏటా ఆటగాళ్లు క్లబ్బులు మారే కాలాన్ని 'దల్‌బదల్' అంటారు. సీజన్ల మధ్య విరామంలో జట్టు కూర్పు మార్చుకునే పని మన దేశంలో మొదట పెద్ద ఎత్తున జరిగింది అక్కడే. అప్పుడు పరిమితీ లేదు, పద్ధతీ లేదు. సంతకం అయ్యేదాకా ఆటగాణ్ణి ఎదుటి క్లబ్బు కంటపడకుండా ఏదో ఇంట్లో దాచిపెట్టడం మామూలు విషయం. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఈస్ట్ బెంగాల్‌లో పేరు తెచ్చుకున్నాడు. అదే క్లబ్బులో అంతకు ముందే 'పంచపాండవులు' అనిపించుకున్న అయిదుగురు ఫార్వర్డ్‌లలో అప్పారావు ఒకడు.

ఇంగ్లండులో కథ తలకిందులుగా నడిచింది. 1901లో వారానికి నాలుగు పౌండ్లకు మించి ఏ ఆటగాడికీ ఇవ్వకూడదని నియమం పెట్టారు. పెంచుతూ పెంచుతూ ఇరవై పౌండ్ల దాకా వచ్చిన ఆ నియమాన్ని, జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్లు సమ్మెకు సిద్ధపడితే, 1961 జనవరిలో ఎత్తేశారు. వెనువెంటనే జానీ హేన్స్ వారానికి వంద పౌండ్ల ఆటగాడయ్యాడు. ఆ పరిమితి ఒక్కో మనిషి మీద ఉండేది. జట్టు మొత్తం మీద పరిమితి పెట్టడం అమెరికా వాళ్ల ఆలోచన. వాళ్ల ఫుట్‌బాల్ చేత్తో పట్టుకుని పరిగెత్తే వేరే ఆట. ఆ ఆట లీగు ఎన్ఎఫ్ఎల్ 1994లో ఒక్కో జట్టుకు 3.46 కోట్ల డాలర్ల పరిమితితో మొదలుపెట్టింది. 2025లో అది 27.92 కోట్ల డాలర్లు.

అక్కడి మేనేజర్ల లెక్కలు చూస్తే మన కరణాలు గుర్తొస్తారు. సంతకం చేసినందుకు ఆటగాడికి ముందే ఇచ్చే బోనస్‌ను ఒప్పందం ఉన్నన్నేళ్లకు, గరిష్ఠంగా అయిదేళ్లకు, సమానంగా పంచి రాయొచ్చు. అయిదు కోట్లు ఇవాళ ఇచ్చి, పరిమితి లెక్కలో ఏడాదికి కోటి చొప్పున చూపిస్తారన్నమాట. రెండేళ్లకే ఆటగాణ్ణి తీసేస్తే మిగిలిన మూడు కోట్లు నెత్తిన పడతాయి. మనిషి జట్టులో ఉండడు, అతని పేరున లెక్క ఉంటుంది. దీన్ని వాళ్లు 'డెడ్ మనీ' అంటారు. విరామంలో తొంభై మందిని పోగేసి, ఆగస్టు ఆఖరుకి యాభైముగ్గురికి కుదించడం అక్కడి ఏటేటి తంతు.

మామూలు ఫుట్‌బాల్‌లో ఇలా తీసెయ్యడం కుదరదు. ఒప్పందం మూడేళ్లదైతే మూడేళ్లూ జీతం ఇవ్వాల్సిందే, లేదా ఇద్దరూ కూర్చుని తెగతెంపులు చేసుకోవాలి. పైగా 1995 డిసెంబరు 15న వచ్చిన బోస్‌మన్ తీర్పు దరిమిలా, ఒప్పందం ముగిసిన ఆటగాడు పాత క్లబ్బుకు పైసా దక్కకుండా కొత్త క్లబ్బుకు వెళ్లిపోవచ్చు. చివరి ఆరు నెలల్లోనే కొత్తచోట సంతకం కూడా పెట్టుకోవచ్చు. కాబట్టి ఏ ఆటగాడి ఒప్పందం ఏ ఏడాది మే నెలలో ముగుస్తుందో తెలిసిన మేనేజరే మేనేజరు. పరిమితి ఎంత మొండిదో 2021 ఆగస్టులో ప్రపంచమంతా చూసింది. మెస్సీ ఉంటానన్నాడు, బార్సిలోనా ఉంచుకుంటానంది. స్పెయిన్ లీగు ఖర్చు పరిమితి లెక్క కుదరక అతను పారిస్ వెళ్లాడు.

సూపర్ లీగ్ పద్ధతి

2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్ ఈ రెండు సంప్రదాయాలను కలిపి వండిన కిచిడీ. అమెరికా నుంచి జట్టు జీతాల పరిమితి, క్లబ్బులు వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టు వచ్చాయి. ఒప్పందాలు, బదిలీలు ఫిఫా నిబంధనల ప్రకారం నడిచాయి. తొలి సీజన్ అక్టోబరు 12న మొదలై డిసెంబరు 20న ముగిసింది. ఆట డెబ్బై రోజులు, విరామం పది నెలలు! ఆ రోజుల్లో దేశీ ఆటగాళ్లు చాలామంది దేశంలోని మరో లీగైన ఐ-లీగ్ క్లబ్బుల నుంచి అద్దెకు వచ్చినవాళ్లే. ప్రతి జట్టుకూ ఒక 'మార్కీ' ఆటగాడు ఉండేవాడు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్ద పేరు, పోస్టరు మీద పెద్ద ఫొటో. పుణె సిటీకి డేవిడ్ ట్రెజెగె, ఢిల్లీకి డెల్ పియరో అలా వచ్చినవాళ్లే. 2017 డ్రాఫ్టు తర్వాత దేశీ ఆటగాళ్లతో నేరుగా బేరాలు మొదలయ్యాయి. ఆటగాళ్ల ఏజెంట్లకు గిరాకీ పెరిగింది.

హైదరాబాద్ కప్పు గెలిచిన 2021-22 సీజన్ నాటికి పరిమితి ఒక్కో క్లబ్బుకు 16.5 కోట్ల రూపాయలు. అదే సీజన్ నుంచి విదేశీయుల లెక్క కూడా బిగిసింది. జట్టులో ఆరుగురికి మించకూడదు, వాళ్లలో ఒకరు ఆసియా దేశంవాడై ఉండాలి, మైదానంలో ఒకేసారి నలుగురే. మైదానంలోని మిగతా ఏడుగురూ భారతీయులే కావాలి కాబట్టి, డబ్బు విదేశీ స్ట్రైకర్ మీద కుమ్మరించిన క్లబ్బుకంటే నమ్మదగ్గ భారతీయ డిఫెండర్‌ను ఇరవై ఏళ్ల వయసులోనే గుర్తుపట్టిన క్లబ్బుకు లాభం ఎక్కువ. ఈ సంగతి అందరికంటే ముందు బాగా వంటబట్టించుకున్న క్లబ్బుల్లో హైదరాబాద్ ఒకటి. అయితే మొదటి ఏడాది మాత్రం కాదు.

గచ్చిబౌలి అయిదేళ్లు

పుణె సిటీ క్లబ్బు మూతపడగా, దాని చోటును విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని తీసుకున్నారు. 2019 ఆగస్టు 27న హైదరాబాద్ ఎఫ్‌సీ ప్రకటన వెలువడింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం. అక్టోబరులో లీగు మొదలైంది. రెండు నెలల్లో జట్టు కట్టడమంటే పెళ్లికి ముందురోజు వంటవాణ్ణి వెతకడమే. పుణె నుంచి వచ్చిన మార్సెలీన్యో లాంటివాళ్లకు వయసు మళ్లిన మరికొందరు విదేశీయులను జతచేసి, ఇంగ్లండు నుంచి ఫిల్ బ్రౌన్‌ను కోచ్‌గా తెచ్చారు. 18 మ్యాచుల్లో రెండే గెలుపులు, 10 పాయింట్లు, ఆఖరి స్థానం. జనవరిలోనే కోచ్ ఇంటికెళ్లాడు.

2020 విరామం ఈ వ్యాసానికి కీలకం. కొత్త కోచ్‌గా వచ్చిన ఆల్బర్ట్ రోకా ఆగస్టులో బార్సిలోనా పిలిస్తే వెళ్లిపోయాడు. ఆ హడావుడిలో, పెద్దగా ఎవరికీ తెలియని మనోలో మార్కెజ్ అనే మరో స్పెయిన్ కోచ్ వచ్చాడు. అదృష్టం ఇలాంటి తొందర నిర్ణయాల్లో దాక్కుని వస్తుంది. ఆయన దగ్గర పేరున్నవాళ్లు లేరు. ఎడమవైపు డిఫెండర్ ఆకాశ్ మిశ్రా, కుడివైపు ఆశిష్ రాయ్, రెక్క మీద పరిగెత్తే లిస్టన్ కొలాసో, మధ్యలో హితేష్ శర్మ, మహమ్మద్ యాసిర్ ఉన్నారు. అంతా కుర్రాళ్లు, అంతా తక్కువ జీతాలవాళ్లు. కరోనా వల్ల లీగంతా గోవాలోనే జరిగిన ఆ ఏడాది, హైదరాబాద్ 29 పాయింట్లతో అయిదో స్థానంలో నిలిచి, ప్లేఆఫ్‌లకు ఒక్క మెట్టు దూరంలో ఆగింది.

అక్కణ్ణుంచి రెండు విరామాలు చక్కగా నడిచాయి. 2021లో లిస్టన్‌ను ఏటీకే మోహన్ బగాన్‌కు అమ్మారు. భారతీయ ఆటగాడికి అప్పటిదాకా ఎవరూ కట్టనంత ధర అని పత్రికలు రాశాయి. పరిమితిలో మిగిలిన చోటును ఒక ఖరీదైన ఆటగాడి మీద పెట్టారు. నైజీరియా స్ట్రైకర్ బార్తలోమ్యూ ఒగ్బెచెను ముంబయి సిటీ నుంచి తెచ్చారు. అతనికి అప్పటికే ముప్ఫయ్యారేళ్లు. మార్కీ పిచ్చి మళ్లీ మొదలైందని అనుమానించిన వాళ్లకు 18 గోల్స్‌తో జవాబు చెప్పి, ఆ సీజన్ గోల్డెన్ బూట్ ఎత్తుకెళ్లాడు. రెండేళ్ల కిందటి వయసు మళ్లిన విదేశీయులకూ ఇతనికీ తేడా, ఇతని చుట్టూ పరిగెత్తడానికి ఉన్న కుర్రాళ్లే. ఒక ఖరీదైన కాలుకు తోడుగా పది జతల చవకైన కాళ్లు, అదే మనోలో సూత్రం.

2022 మార్చి 20న ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 68వ నిమిషంలో కేరళ గోలు కొట్టింది. 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్ సాహిల్ తవోరా కొట్టిన దెబ్బతో 1-1. పెనాల్టీల్లో గోలీ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు ఆపాడు, హైదరాబాద్ 3-1తో కప్పు గెలిచింది. కట్టిమని గోవావాడు, చింగ్లెన్‌సానా మణిపురీ, ఆశిష్ రాయ్ సిక్కిమీ, ఆకాశ్ మిశ్రా ఉత్తరప్రదేశ్ వాడు. ఆ రాత్రి మైదానంలోకి దిగిన మొదటి పదకొండుమందిలో తెలుగువాడు లేడు. పరిమితి జీతాలకే గానీ ఊరికి కాదు కదా.

గెలిచిన జట్టుకు విరామం గండం. గెలిచాక ప్రతి ఆటగాడి ధరా పెరుగుతుంది, పరిమితి మాత్రం అక్కడే ఉంటుంది. 2022 వేసవిలో ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు, మధ్యలో మోసిన శౌవిక్ చక్రవర్తి ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. అయినా 2022-23లో 42 పాయింట్లతో లీగు పట్టికలో రెండో స్థానం. సెమీస్‌లో రెండు మ్యాచుల్లోనూ గోలు పడక, పెనాల్టీల్లో మోహన్ బగాన్ చేతిలో ఓడింది. ఒగ్బెచె అప్పటికి లీగు చరిత్రలోనే అత్యధికంగా 63 గోల్స్ పూర్తిచేశాడు. ఒప్పందాలను, వయసులను, ధరలను తూచి జట్టు నడపడంలో ఈ మూడేళ్లకు సాటి మన దగ్గర ఏ ఆటలోనూ దొరకదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

2023 విరామంలో కథ మారింది. కోచ్ మనోలో, డిఫెండర్ ఒదెయ్ గోవాకు వెళ్లారు. ఆకాశ్ మిశ్రా ముంబయికి, సివెరియో, బోర్హా ఈస్ట్ బెంగాల్‌కు, హలిచరణ్ నర్జరీ బెంగళూరుకు వెళ్లారు. ఒగ్బెచె కూడా లేడు. ఇందులో పరిమితి తప్పు ఏమీ లేదు. జీతాలు అందడం ఆగిపోయింది. క్లబ్బులో డబ్బు లేదన్న మాట డ్రెస్సింగ్ రూమ్ దాటి పత్రికలకెక్కింది. బకాయిల తగాదాలు ఫిఫా దాకా పోయి, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది.

ఇక్కడ ఫిఫా నిబంధన ఒకటి చెప్పుకోవాలి. 2018 నుంచి ఉన్న ఈ నియమం ప్రకారం రెండు నెలల జీతం ఎగ్గొట్టిన క్లబ్బుకు ఆటగాడు పదిహేను రోజుల గడువిచ్చి నోటీసు పంపవచ్చు. అప్పటికీ డబ్బు రాకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందం తెంచుకోవచ్చు. అమెరికాలో క్లబ్బు ఆటగాణ్ణి తీసేస్తుంది. ఇక్కడ ఆటగాడే క్లబ్బును తీసేశాడు. 2023-24 సీజన్ నడుస్తుండగానే విదేశీయులు ఒక్కొక్కరుగా వెళ్లిపోగా, చివరిదాకా నిలిచినవాడు కెప్టెన్ జోవావ్ విక్టర్. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో అకాడమీ కుర్రాళ్లతోనే లీగు ఆడించాడు. 22 మ్యాచుల్లో ఒక్కటే గెలుపు, అదీ చెన్నైయిన్ మీద 1-0తో. 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. పరిమితికి చాలా కిందనే ఉన్న ఆ జట్టును ఏ పరిమితీ కాపాడలేదు. ఆ కుర్రాళ్లు నెలనెలా జీతం గ్యారంటీగా అందిన రహీమ్ సాబ్ కాలాన్ని చూసి ఈర్ష్యపడి ఉంటే తప్పు పట్టలేం.

తెలుగు నేల మీద ఇతర ఆటల్లో

ఇదే కథ క్రికెట్‌లో ఒకసారి జరిగిపోయింది. 2008 తొలి ఐపీఎల్ వేలంలో ఒక్కో జట్టుకు 50 లక్షల డాలర్ల పర్సు. ఊరి హీరోకు 'ఐకాన్' హోదా ఇస్తే, జట్టులో అత్యధిక ధర పలికిన ఆటగాడికంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్‌లో వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ హోదా వద్దన్నాడు. ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్న జట్టు లెక్కన ఐకాన్ లక్ష్మణ్ ఖరీదు 15.5 లక్షలు దాటేది. అతను 3.75 లక్షలకు సరిపెట్టుకున్నాడు. మిగిలిన డబ్బుతో కట్టిన జట్టు మొదటి ఏడాది ఆఖరున నిలిచి, 2009లో కప్పు గెలిచింది. 2012 సెప్టెంబరులో యాజమాన్యం ఆర్థిక చిక్కుల్లో పడి ఫ్రాంచైజీ రద్దయింది. కప్పుకూ కనుమరుగుకూ మధ్య మూడేళ్లు. ఫుట్‌బాల్ క్లబ్బుకూ దాదాపు అంతే పట్టింది.

పర్సు లెక్క ఒక్కోసారి క్యాలెండరు మీద నడుస్తుంది. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 అక్టోబరు 6న భారత జట్టు టీ20 టోపీ పెట్టుకున్నాడు. ఐపీఎల్ జట్లు అట్టిపెట్టుకునే ఆటగాళ్ల జాబితాకు గడువు అక్టోబరు 31. ఆ టోపీ లేకపోతే అతన్ని నాలుగు కోట్లకే ఉంచుకోగలిగే సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆరు కోట్లు పట్టాయి. అయిదుగురికి 75 కోట్లు పెట్టి, 120 కోట్ల పర్సులో 45 కోట్లు మిగుల్చుకుని వాళ్లు వేలానికి వెళ్లారు.

భద్రాచలం దాటి పర్ణశాల, దుమ్ముగూడెం, చర్ల వైపు ఊళ్లలో ఫుట్‌బాల్ కంటే కబడ్డీకి ప్రేక్షకులు ఎక్కువ. అక్కడివాళ్లకు ఈ విషయం తెలుగు టైటాన్స్ పేరు చెబితే చప్పున అర్థమవుతుంది. 2023 వేలంలో టైటాన్స్ అయిదు కోట్ల పర్సులో 2.605 కోట్లు పవన్ సెహ్రావత్ ఒక్కడికే పెట్టారు. సగానికి పైగా. అతను పాయింట్లు తెచ్చాడు, మిగతా ఆరుగురు ఇచ్చేశారు. 22 మ్యాచుల్లో రెండే గెలుపులు. మరుసటి ఏడాది అదే పవన్‌ను 1.725 కోట్లకు తిరిగి తెచ్చుకుని, మిగిలిన డబ్బు నలుగురికీ పంచితే గెలుపులు పన్నెండయ్యాయి. 2025లో అతను లేకుండానే ప్లేఆఫ్‌లకు చేరారు. ఒగ్బెచె చుట్టూ జట్టు కట్టిన మనోలోకూ, 2023 టైటాన్స్‌కూ తేడా ఇంతే.

ఆ వైపునే ఖజానా పరిమితి దాటి ఖర్చుపెట్టిన తహసీల్దారు ఒకాయన ఉండేవాడు. గుడి కట్టి గోల్కొండ చెరసాలకు వెళ్లిన కంచెర్ల గోపన్నకు, కథ ప్రకారం, రామలక్ష్మణులే వచ్చి బాకీ తీర్చారు. క్లబ్బు యజమానులకు అలాంటి ఏర్పాటు ఇంతవరకు లేదు.

పరిమితికి కింది గీత

పరిమితి పెట్టే లీగులు కొన్ని కింది గీత కూడా గీస్తాయి. ఎన్ఎఫ్ఎల్ జట్లు కొన్నేళ్ల సగటున పరిమితిలో దాదాపు తొంభై శాతం ఖర్చుపెట్టి తీరాలి. ఐపీఎల్‌లో పర్సులో కనీసం 75 శాతం వాడాలి. అయితే కింది గీత అంకెలకే గానీ బ్యాంకు ఖాతాలకు కాదు. చార్జర్స్ విషయంలో తేలిన సంగతి అదే. యజమాని దగ్గర సీజన్ మొత్తం జీతాలకు సరిపడా డబ్బు ముందే జమ చేయించుకోవడం మూడో పద్ధతి. ఆటగాడి వైపునుంచి చూస్తే మూడింటిలో ఇదే అసలైన రక్షణ.

2024లో హైదరాబాద్ ఎఫ్‌సీని బి.సి. జిందాల్ గ్రూపు తీసుకుంది. సీజన్ ముంగిట హడావుడిగా జట్టు కట్టాల్సి వచ్చింది. అచ్చం 2019 లాగే. 24 మ్యాచుల్లో 18 పాయింట్లతో పదమూడు జట్లలో పన్నెండోది అయింది. నగరంలోని మరో క్లబ్బు శ్రీనిధి డెక్కన్ 2022-23, 2023-24 సీజన్లలో వరసగా రెండుసార్లు ఐ-లీగ్‌లో రెండో స్థానంలో ఆగిపోయింది. పైలీగుకు ఎక్కే అవకాశం మొదటి స్థానానికే ఉండటంతో సూపర్ లీగ్‌లో అడుగు పెట్టలేకపోయింది.

2025 జులైలో సూపర్ లీగ్ నిర్వాహకులు కొత్త సీజన్‌ను నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చుకుంది.